పిల్ల చచ్చింది సీడు వల్లా, వేడి వల్లా?

మొన్న ఎండల్లో నాగాయలంక వైపు పోతే ఒక చెరువు గట్టు మీద తగువు జరుగుతా ఉంది. "సీడు నాసిరకం" అంటాడు కౌలు రైతు. "నీకే వదలడం చేతకాలా" అంటాడు ఏజెంటు. నేనొక్కటే అడిగా: "వదిలేటప్పుడు సంచిలో నీళ్ల వేడెంత? చెరువులో ఎంత?" ఇద్దరూ నోరెత్తలా.

మా కూచిపూడి నుంచి దివిసీమ దాకా రొయ్యల కబుర్లే. ఈ లెక్క మాత్రం అడిగేవాళ్లు తక్కువ.

రొయ్యకి మనలాగా ఒంట్లో సొంత వేడి ఉండదు. నీళ్లెంత వేడో దాని ఒళ్లూ అంతే. వనామీకి 28 నుంచి 32 డిగ్రీలు హాయి. అప్పుడు బాగా తింటది, త్వరగా పొర విడుస్తది, పెరుగుద్ది. 25 కంటే తగ్గితే మేత తగ్గిస్తది. మనం పాత లెక్కనే వేస్తే మిగిలింది అడుగున కుళ్లుద్ది. చలికాలంలో తెల్లమచ్చ తెగులు చెలరేగడానికి ఈ చల్లదనం కూడా ఒక కారణం.

వేడి మరీ ఎక్కినా ముప్పే. లీటరు మంచినీళ్లలో 25 డిగ్రీల దగ్గర 8 మిల్లీగ్రాముల పైచిలుకు ప్రాణవాయువు పడితే, 35 దగ్గర 7 కూడా పట్టదు. ఉప్పునీళ్లలో ఇంకా తక్కువ. రొయ్యకేమో అదే వేడిలో ప్రాణవాయువు ఎక్కువ కావాలి. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన కౌలు రైతు బతుకే అది కూడా! ఆ టైంలో కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే ఇంక చెప్పేదేముంది?

ఇక పిల్ల సంగతి. దారిలో చావకుండా సంచి నీళ్లు చల్లబరిచి పంపుతారు. 24 డిగ్రీల సంచిని మిట్టమధ్యాహ్నం 33 డిగ్రీల చెరువులో ఒక్కసారి కుమ్మరిస్తే లేత పిల్ల తట్టుకోలేదు. చచ్చినవి అడుక్కి పోతయ్, కంటికి కనపడవు. నెల తర్వాత చెక్ ట్రే చూస్తే గానీ నష్టం తెలీదు.

అందుకే తెల్లారుజామునో, పొద్దు వాలాకో వదలండి. కట్టు విప్పకుండా సంచుల్ని అరగంట చెరువులో తేలనివ్వండి. తర్వాత చెరువు నీళ్లు కొంచెం కొంచెంగా సంచిలో కలపండి. అప్పుడు వేడితో పాటు ఉప్పుకీ పిల్ల అలవాటు పడుద్ది.

సీడు నిజంగానే నాసిరకం కావచ్చు. కానీ రాసిపెట్టుకున్న అంకె లేకపోతే తప్పు ఎప్పుడూ రైతు నెత్తినే పడుద్ది. సీడు బిల్లు మీద సంచి నీళ్ల వేడి, ఉప్పు శాతం రాసివ్వమని అడుగుదాం. థర్మామీటరు పెట్టి, దించేటప్పుడు ఇద్దరి ముందూ చూసి, కాగితం మీద సంతకాలు పెట్టిద్దాం. అప్పుడు పంచాయితీలో కౌలు రైతు చేతిలోనూ ఒక సాక్ష్యం ఉంటది.