మఱచిన సంకేతపదమును మరల నేర్పఱచుకొనుట

పూర్వము ముఖ్యమైన కాగితములను పెట్టెలో నుంచి తాళము వేసినఁ జాలెడిది. నేఁడు విద్యార్థుల పత్రములలోఁ బెక్కు కంప్యూటరు ఖాతాలలో నుండును. భారత ప్రభుత్వము 2015వ సంవత్సరమున నెలకొల్పిన డిజిలాకరునందు మార్కుల పత్రములను, వేఱు ఖాతాలయందు ఉపకారవేతనపు దరఖాస్తులను చూచుకొనుచున్నాము. వీనికిఁ దాళపుచెవి పాస్‌వర్డు అనఁబడు సంకేతపదము. మన మైలవరము ప్రాంతమునఁ దలిదండ్రులు మామిడికోఁతలలో మునిఁగియుండు వేసవిలోనే కళాశాల ప్రవేశముల గడువు సమీపించును. ఆ దినములలో సంకేతపదము జ్ఞప్తికి రానిచో కలుగు కలఁత యింతింతగాదు. మఱచుట నేరము గాదు. దాని నివారణము నెఱుఁగకుండుటయే నష్టము.

“పాత పదమునే మాకుఁ జెప్పరాదా?” యని కొందఱు తలిదండ్రు లడుగుచుందురు. చక్కఁగా నడపఁబడు ఖాతాలలో నట్లు చెప్పుట సాధ్యముగాదు. ఏలయన నా పదము వారియొద్ద నుండదు. మామిడిరసము నెండఁబెట్టి తాండ్ర చేసిన పిమ్మట దానినుండి మరల పండును జేయఁజాలము గదా! అట్లే మన పదమును గణితప్రక్రియచే మార్చి, యా మార్పునే వారు దాఁచుదురు. దీనిని హాష్ అందురు. మనము పదమును మరల టైపు చేసినపుడు అదే ప్రక్రియ జరిగి, రెండు ఫలితములు నొక్కటియైనచో ఖాతా తెఱవఁబడును.

ఈ జాగ్రత్త యనుభవమువలనఁ గలిగినది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఫెర్నాండో కోర్బటో నాయకత్వమున 1961లో నొకే కంప్యూటరును పలువురు వాడుకొను నేర్పాటు ప్రారంభమయ్యెను. అందు సంకేతపదము లున్నవి యున్నట్లే పట్టికలో నుండెను. 1962లో నొక పరిశోధక విద్యార్థి యా పట్టికను అచ్చువేయించుకొని, యితరుల పేరిట యంత్రమును వాడుకొనెను. 1979లో రాబర్టు మోరిస్, కెన్ థాంసన్ అనువారు పదములను మార్చి దాఁచు విధానమును, దానికి మున్ను ప్రతిపదమునకును వేర్వేఱు అంకెలను జేర్చు పద్ధతిని వ్యాసముగాఁ బ్రకటించిరి. ఆ చేర్పునకు వారిడిన పేరు ఉప్పు!

కావున మఱచినవారు చేయవలసినది యిది. ఖాతా చిరునామాను స్వయముగా టైపు చేసి తెఱచి, ప్రవేశస్థలముననున్న “ఫర్‌గాట్ పాస్‌వర్డు” అను మాటను నొక్కవలెను. పేరు గాని, ఫోను నంబరు గాని, ఈ-మెయిలు గాని యడిగినపుడు ఇయ్యవలెను. ఫోనునకు ఓ.టి.పి. యను అంకెలో, ఈ-మెయిలునకు లింకో వచ్చును. ఈ-మెయిలు కనఁబడనిచో స్పాము పెట్టెలో వెదకవలెను. అవి స్వల్పకాలమే చెల్లును. పిమ్మటఁ గ్రొత్త పదమును రెండుమాఱులు టైపు చేసి, యితర యంత్రములలో తెఱచియున్న ఖాతాను మూసివేయవలెను.

ఇచ్చట నొక ముఖ్యవిషయము గలదు. ఓ.టి.పి. యెవరి ఫోనునకు వచ్చునో వారిచేతనే ఖాతా యుండును. ఖాతా తెఱచునపుడు నెట్ సెంటరువారి నంబరునో, పొరుగువారి నంబరునో యిచ్చినచో, విద్యార్థి తన మార్కులపత్రము కొఱకు పరుల దయకై వేచియుండవలసి వచ్చును. చిరకాలము వాడని సిమ్ము రద్దగును. ఆ నంబరు కొంతకాలమునకుఁ బరులకుఁ జెందవచ్చును. కావున నంబరు మార్చుకొనువారు, పాతది పనిచేయుచుండఁగానే ఖాతాలలోఁ గ్రొత్తదానిని వ్రాయించుకొనవలెను. సిమ్ము పోయినచో గుర్తింపుపత్రముతోఁ గంపెనీ దుకాణమునకుఁ బోయి, అదే నంబరునకు వేఱు సిమ్మును దీసికొనవచ్చును.

ఓ.టి.పి.ని ఎవ్వరికిని జెప్పరాదు. బ్యాంకువారమని ఫోను చేసినవారికిని జెప్పరాదు. అడుగకయే యది వచ్చినచో, పరు లెవరో మన ద్వారమును దట్టుచున్నారని యనుమానింపవలెను. మోసముచే ధనము పోయినచోఁ దడయక 1930 నంబరునకుఁ దెలుపవలెను.

విద్యార్థులారా, క్రొత్త పదమును పుట్టినదినముతోఁ గూర్పకుఁడు. సంబంధములేని నాలుగైదు మాటలను జేర్చిన నది పొడవుగా నుండును, జ్ఞప్తియందును నిలుచును. ఒక్కపదమునే యన్ని ఖాతాలకును బెట్టకుఁడు. మఱతుమను భయమున్నచో నొక పుస్తకమున వ్రాసి, ఇంటఁ బెట్టెలో భద్రపఱుపుఁడు. ఈ వారమే తలిదండ్రులతోఁ గూర్చుండి, మీ ఖాతాలలో నెవరి నంబరున్నదో చూచుకొనుఁడు. గడువునాఁటి కలఁతకంటె నేఁటి పావుగంట మేలు.