రెండు పెట్టెలలోని బాల్యం

1942 డిసెంబరులో ఫ్రీడల్ డికర్ బ్రాండైస్ అనే యూదు చిత్రకారిణిని, ఆమె భర్తను నాజీలు టెరెజీన్‌కు తరలించారు. మనిషికి 50 కిలోల సామాను మాత్రమే వెంట తీసుకుపోవచ్చును. తన వాటాలో పెద్ద భాగాన్ని ఆమె కాగితాలకు, రంగులకు కేటాయించింది.

ప్రాగ్ నగరానికి ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని ఆ పాత కోట పట్టణం అప్పటికే యూదుల నిర్బంధ స్థానమైనది. తల్లిదండ్రుల నుండి విడివడిన పిల్లలు ఎందరో అక్కడి బాలగృహాలలో ఆకలితో, వ్యాధులతో, భయంతో రోజులు గడిపేవారు. వారికి చదువు చెప్పడం నిషిద్ధం. ఆ పిల్లల నడుమ ఫ్రీడల్ చిత్రలేఖనం బోధించసాగింది.

1898లో వియన్నాలో జన్మించి, జర్మనీలోని ప్రసిద్ధ బౌహౌస్ కళాశాలలో విద్యనభ్యసించిన ఆమెకు పిల్లలను చిత్రకారులుగా తీర్చిదిద్దాలన్న తొందర లేదు. ఆమె కథ చెప్పేది. అందులోని వస్తువులను బొమ్మలుగా గీయమనేది. కాగితం చాలనప్పుడు పాత కార్యాలయ పత్రాల వెనుకవైపే వారికి పలక అయ్యేది. ప్రతి బొమ్మపైనా ఎవరి పేరు వారు వ్రాయవలెనన్నది ఆమె నియమం. బాలుని ఊహకు పెద్దలు ముందుగానే బాట గీయరాదని ఆమె విశ్వాసం; 1943లో శిబిరంలోనే ఆమె పిల్లల చిత్రకళను గురించి ఉపన్యసించింది.

ఆ పిల్లలు పూలను, సీతాకోకచిలుకలను, విడిచివచ్చిన ఇంటిని గీశారు. కొందరు శిబిరంలోని మంచాలను, అన్నానికై నిలిచిన వరుసలను గీశారు. నోటితో చెప్పలేని దిగులు రంగులో పలికింది.

1944 సెప్టెంబరులో ఆమె భర్తను తూర్పునకు తరలించారు. ఆయనను అనుసరించి వెళ్ళడానికి ఆమె తానే ముందుకు వచ్చింది. అక్టోబరులో ఆష్విట్జ్‌లో ఆమె ప్రాణాలు తీశారు. భర్త మాత్రం బ్రతికి బయటపడ్డాడు. ఆమె శిష్యులలో అత్యధికులకు ఆ భాగ్యం దక్కలేదు. కాని రెండు పెట్టెలలో దాచిన సుమారు 4,500 చిత్రాలు యుద్ధానంతరం ప్రాగ్ చేరి, అక్కడి యూదు మ్యూజియంలో భద్రమయ్యాయి. అనేకమంది పిల్లలకు ఆ బొమ్మ మీది సంతకమే మిగిలిన గుర్తు.

ప్రాగ్‌లో ఫ్రీడల్‌కు సహాయకురాలుగా ఉండిన ఈడిత్ క్రామర్ 1938లో అమెరికా చేరి, చిత్రకళ ద్వారా చికిత్స చేసే పద్ధతికి ఆద్యులలో ఒకరైనది.

ఈ పద్ధతిలోని మర్మం సులభమైనదే. "నాకు భయంగా ఉంది" అని చెప్పలేని పసివాడు, తాను గీసిన కుక్కపిల్ల చీకటికి జడుస్తున్నదని చెప్పగలడు. కథ వాని మనసుకు ఒక చాటు. కనుక బిడ్డ ఆకాశానికి నల్లరంగు పూసినప్పుడు తల్లిదండ్రులు దిద్దబోరాదు. ఒక్క రంగును చూసి కంగారుపడనూ రాదు. "ఇక్కడ ఏం జరుగుతున్నదమ్మా?" అని అడిగి, చెవియొగ్గి వినాలి. ఆపైన ఆ బొమ్మపై బిడ్డ చేతనే పేరు వ్రాయించాలి.