ఎండు మిరపలో పురుగుమందుల అవశేషాల విశ్లేషణ: గ్యాస్ క్రోమటోగ్రాఫ్ స్థాపన, నిర్వహణ

ఖమ్మం జిల్లా ముదిగొండ మండలంలోని కల్లాల్లో ఆరిన మిరప ఖమ్మం మార్కెట్ యార్డుకు చేరుతుంది. ఈ ప్రాంతంలో పండే తేజ రకానికి విదేశాల్లోనూ గిరాకీ ఉంది. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు తెలుగు రాష్ట్రాల మిరప తోటలను తీవ్రంగా దెబ్బతీసినప్పుడు రైతులు పదేపదే పిచికారీ చేయవలసి వచ్చింది. ఎగుమతికి వెళ్లే సరుకు విలువ మాత్రం కాయలో మిగిలిన మందు మోతాదుపై ఆధారపడుతుంది. ప్రత్యేక గరిష్ఠ పరిమితి నిర్ణయించని మందులకు ఐరోపా సమాఖ్య సాధారణంగా కిలోకు 0.01 మిల్లీగ్రాముల పరిమితిని వర్తింపజేస్తుంది. ఇంత స్వల్ప మోతాదు వద్ద ప్రయోగశాలలో జరిగే చిన్న పొరపాటు కూడా రైతు సరుకును తిరస్కరణకు గురిచేయగలదు. కాబట్టి గ్యాస్ క్రోమటోగ్రాఫ్ ఇచ్చే అంకె ఎలా ఏర్పడుతుందో విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు తెలుసుకోవడం అవసరం.

కొలవవలసిన పరిమాణం

వాయు-ద్రవ క్రోమటోగ్రఫీని జేమ్స్, మార్టిన్ 1952లో వెల్లడించారు. 1957లో లవ్‌లాక్ రూపొందించిన ఎలక్ట్రాన్ క్యాప్చర్ డిటెక్టర్ హాలోజన్ కలిగిన మందులను అత్యల్ప మోతాదులోనూ గుర్తించే అవకాశం కల్పించింది. నమూనా తయారీకి నేడు విస్తృతంగా వాడుతున్న క్వెచర్స్ పద్ధతి 2003లో ప్రచురితమైంది.

ఎండు మిరపలో తేమ తక్కువ కనుక 2 గ్రాముల పొడిని ముందుగా నీటితో నానబెట్టి, 10 మిల్లీలీటర్ల అసిటోనైట్రైల్‌తో సంగ్రహిస్తారు. అప్పుడు మిల్లీలీటరు సారం 0.2 గ్రాముల మిరపకు సమానం. అవశేషం సరిగ్గా 0.01 పరిమితి వద్ద ఉంటే మిల్లీలీటరులో 2 నానోగ్రాముల మందు ఉంటుంది. ఒక మైక్రోలీటరును ప్రవేశపెడితే పరికరంలోకి వెళ్లేది 2 పికోగ్రాములే. 10 గ్రాముల పచ్చిమిరపను అంతే ద్రావణితో సంగ్రహిస్తే ఇది 10 పికోగ్రాములు అవుతుంది. ఎండు మిరప విశ్లేషణ ఎంత కఠినమో ఈ తేడా చెబుతుంది.

పరికర స్థాపన

పరికరాన్ని ఉష్ణోగ్రత నిలకడగా ఉండే గదిలో అమర్చి, విద్యుత్ అంతరాయం కలగకుండా యూపీఎస్‌కు అనుసంధానించాలి. సిలిండర్లను గొలుసుతో గోడకు బిగించాలి. వాహక వాయువు 99.999 శాతం శుద్ధత కలిగి ఉండాలి. ఆక్సిజన్, తేమ, హైడ్రోకార్బన్లను తొలగించే ఫిల్టర్లను మార్గంలో అమర్చాలి. ఆక్సిజన్ చొరబడితే కాలమ్‌లోని ద్రవపు పొర దెబ్బతిని, ఆధారరేఖ పైకి లేస్తుంది. అతుకుల వద్ద లీకును ఎలక్ట్రానిక్ పరికరంతో పరీక్షించాలి. సబ్బునీరు వాడితే అది లోపలికి చేరి కాలమ్‌ను కలుషితం చేయవచ్చు.

అవశేషాల విశ్లేషణకు 30 మీటర్ల పొడవు, 0.25 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, 0.25 మైక్రోమీటర్ల పొర మందం గల 5 శాతం ఫినైల్ కాలమ్ సాధారణంగా సరిపోతుంది. కొత్త కాలమ్‌ను డిటెక్టర్‌కు కలపకముందే కొంతసేపు వాహక వాయువును పంపి, ఆ తరువాతే వేడిచేయాలి. ఎలక్ట్రాన్ క్యాప్చర్ డిటెక్టర్‌లో సాధారణంగా రేడియోధార్మిక నికెల్-63 ఉంటుంది. దాన్ని ప్రయోగశాలలో విప్పరాదు. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనలను పాటించాలి.

సాఫ్ట్‌వేర్ నిర్వహణ

కంప్యూటర్‌లో నమోదు చేసే వివరాలు పరికరంలో వాస్తవంగా ఉన్నవాటితో సరిపోలాలి. కాలమ్ పొడవు, వ్యాసాల ఆధారంగానే సాఫ్ట్‌వేర్ పీడనాన్ని, ప్రవాహాన్ని లెక్కిస్తుంది. మలినమైన కొసను కత్తిరించిన తరువాత కొత్త పొడవును నమోదు చేయకపోతే లెక్క తప్పుతుంది. కాలమ్ పొట్టిదైనందువల్ల మందు వెలువడే కాలం కూడా కొంత జరుగుతుంది కనుక దాన్ని ప్రమాణ ద్రావణంతో మళ్లీ సరిచూడాలి. లేకుంటే శిఖరం ఉన్నా సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తించకపోవచ్చు, లేదా పక్కనున్న శిఖరానికి ఆ మందు పేరు పెట్టవచ్చు.

నమూనాల వరుసలో మొదట శుద్ధ ద్రావణిని, తరువాత మందు లేని మిరప సారాన్ని, ప్రమాణ ద్రావణాలను, తెలిసిన మోతాదు కలిపిన మిరపను, ఆపై రైతుల నమూనాలను ఉంచి, చివరన మరల ఒక ప్రమాణ ద్రావణాన్ని చేర్చాలి. కలిపిన మందులో 70 నుంచి 120 శాతం తిరిగి లభించడం సాధారణంగా ఆమోదయోగ్యం. శిఖరం కింది ఆధారరేఖను చేతితో సవరిస్తే, అందుకు కారణాన్ని, సవరించినవారి పేరును నమోదు చేయాలి.

మిరప వల్ల కలిగే అధిక అంచనా

ఎర్రని వర్ణకాలు, నూనెలు గల మిరప సారం విశ్లేషణకు ప్రత్యేకమైన చిక్కు తెస్తుంది. ఇంజెక్షన్ లైనర్ ఉపరితలంలోని చురుకైన స్థానాలు శుద్ధ ద్రావణిలోని మందు అణువులలో కొన్నింటిని పట్టి ఉంచుతాయి. మిరప సారంలోని పదార్థాలు ఆ స్థానాలను ఆక్రమించినప్పుడు అదే మోతాదులో ఎక్కువ మందు డిటెక్టర్‌ను చేరి, శిఖరం పెద్దదవుతుంది. దీనినే మ్యాట్రిక్స్ ప్రభావం అంటారు.

ఉదాహరణకు, ఈ ప్రభావం వల్ల శిఖరం 40 శాతం పెరిగిందనుకుంటే, వాస్తవంగా 0.008 ఉన్న అవశేషం 0.0112గా కనబడుతుంది. పరిమితికి లోబడిన సరుకు పరిమితి దాటినట్లు నివేదికలో నమోదవుతుంది. కంప్యూటర్ గణనలో దోషం లేకపోయినా రైతుకు నష్టం తప్పదు. మందు లేని మిరప సారంలోనే ప్రమాణ ద్రావణాలను తయారుచేసి క్రమాంకనం చేయడం దీనికి నివారణ. ఇందుకోసం పిచికారీ చేయని మిరపను సేకరించి భద్రపరచుకోవాలి. లైనర్‌ను క్రమం తప్పక మార్చాలి. ఎలక్ట్రాన్ క్యాప్చర్ డిటెక్టర్‌లో కనిపించిన శిఖరాన్ని మాస్ స్పెక్ట్రోమీటర్‌తో ధ్రువీకరించిన పిమ్మటే పరిమితి దాటిందని ప్రకటించాలి.

క్షేత్రస్థాయిలో గమనించవలసినవి

ఈ పరికరం క్లోరిపైరిఫాస్, ఇథియాన్, ప్రొఫెనోఫాస్, సైపర్‌మెత్రిన్ వంటి మందులకు అనుకూలం. ఇమిడాక్లోప్రిడ్, స్పినెటోరం వంటివాటిని సాధారణంగా ద్రవ క్రోమటోగ్రాఫ్‌తో పరీక్షిస్తారు. అందువల్ల "అవశేషం కనబడలేదు" అన్న నివేదిక, పరీక్షించిన మందులకు, ఆ పద్ధతి కొలవగల కనిష్ఠ మోతాదుకు మాత్రమే వర్తిస్తుంది. నమూనా పంపేటప్పుడు రైతు వాడిన మందుల పేర్లు, చివరి పిచికారీ తేదీ, కోత తేదీ జతచేస్తే ప్రయోగశాల తగిన పద్ధతిని ఎంచుకోగలదు. ఒకే బస్తా పైభాగం నుంచి గుప్పెడు కాయలు తీసిన నమూనా మొత్తం సరుకుకు ప్రతినిధి కాజాలదు. వేర్వేరు బస్తాల నుంచి తీసి, కలిపి, పొడిచేసిన నమూనాయే విశ్లేషణకు తగినది. నమూనాతో పాటు దాని చరిత్ర కూడా ప్రయోగశాలకు చేరితేనే నివేదికలోని అంకె రైతుకు న్యాయం చేయగలదు.