ప్రిన్స్ ఆఫ్ పర్షియా: రెండున్నర గడియల ఆట, వెనక్కి తిరిగే ఇసుక

వీడియో గేముల్లో టైము అంటే మామూలుగా తెర మూలన తిరిగే అంకెలే. ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ గేముల్లో మాత్రం అది కథలోనే ఒక వస్తువు. ఇసుక గడియారం, ఉర్దూలో రేత్ ఘడీ.

ఆ ఘడీ, మన గడియ రెండూ సంస్కృతంలోని ‘ఘటి’ నుంచి వచ్చినవే. ఘటి అంటే కుండ. పాతకాలంలో అడుగున సన్నటి రంధ్రం ఉన్న గిన్నెను నీళ్లలో వదిలేవారు. అది నిండి మునిగితే ఒక గడియ, అంటే 24 నిమిషాలు. పర్షియాలోనూ కనాత్ నీళ్లను పొలాలకు పంచడానికి ఇలాంటి గిన్నెనే వాడేవారు, పేరు పెంగాన్. ఆ లెక్కన ఈ కథకు నీటి గిన్నే సరిపోయేది. కానీ తెర మీద భయం పుట్టించడానికి జారే ఇసుకే మేలు.

1989లో జోర్డాన్ మెక్నర్ ఆపిల్ 2 కంప్యూటర్ కోసం చేసిన మొదటి గేమ్‌లో ఆటగాడికి ఇచ్చేది 60 నిమిషాలు. మన లెక్కలో రెండున్నర గడియలు. వజీరు జాఫర్ రాకుమారి ముందు మంత్రంతో ఇసుక గడియారం రప్పించి, ఇసుక అయిపోయేలోగా పెళ్లికి ఒప్పుకుంటావా, చస్తావా అంటాడు. చెరసాలలో పడిన కుర్రాడు 12 లెవెళ్లు దాటి ఆమెను చేరాలి. మెలిక ఎక్కడంటే, ఎన్నిసార్లు చచ్చినా ఆట అయిపోదు. మళ్లీ మొదలుపెట్టొచ్చు. పోయిన నిమిషాలు మాత్రం తిరిగి రావు. ప్రాణాలకు లెక్క లేదు, టైముకే లెక్క. మధ్యలో రాకుమారి గదిని చూపించినప్పుడల్లా గడియారంలో ఇసుక తగ్గిపోయి కనిపిస్తుంది.

2003లో యూబీసాఫ్ట్ తెచ్చిన ‘ది సాండ్స్ ఆఫ్ టైమ్’లో ఇదంతా తిరగబడింది. ఈసారి పెద్ద ఇసుక గడియారం, దాన్ని తెరిచే బాకు దొరికేది మన దేశపు మహారాజు కోటలోనే. వజీరు మాట నమ్మి రాకుమారుడు దాన్ని తెరిస్తే, బయటపడిన ఇసుక మనుషుల్ని రాక్షసుల్ని చేస్తుంది. అదే ఇసుక బాకులో ఉంటే కాలాన్ని కొన్ని సెకన్లు వెనక్కి తిప్పొచ్చు. సాలూరు దాటి ఒడిశా ఘాట్ ఎక్కే లారీ డ్రైవర్‌కు మలుపు తప్పితే మలుపు ముందుకే వెళ్లే బటన్ ఉంటే ఎలా ఉంటుంది, అలాగన్నమాట. ఊరికే కాదు లెండి, తిప్పిన ప్రతిసారీ కొంత ఇసుక ఖర్చవుతుంది. శత్రువును పడగొట్టి మళ్లీ నింపుకోవాలి.

అసలు ఖర్చు చివర్లో తెలుస్తుంది. రాకుమారుడు కాలాన్ని మొత్తం వెనక్కి తిప్పేస్తాడు. చనిపోయినవాళ్లందరూ బతికే ఉంటారు. అన్ని కష్టాల్లో తోడున్న మహారాజు కూతురు ఫరా కూడా. అతనికి అన్నీ గుర్తే, ఆమెకు మాత్రం అతనెవరో తెలియదు.

2004 నాటి ‘వారియర్ విథిన్’లో ఆ బాకీ వసూలుకు దహాకా వస్తుంది. కాలానికి కాపలా కాసే భూతం అది. ఇసుకను వదిలినవాడు చావాల్సిందేనని వెంటపడుతుంది. అది కనిపిస్తే రాకుమారుడికి పరుగొక్కటే దారి, 1989లో లాగే. దహాకా ఆగేది ఒక్కచోటే, నీటి తెర దగ్గర.