ఆగి ఆగి సాగే లోహం

అంతర్వేది తీర్థంలో రథం లాగడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఇసుక నేలలో రథం ఆగిందంటే చక్రం కొంచెం దిగబడుతుంది. ఎంతసేపు ఆగితే అంత లోతుకు. తాళ్ళు బిగుస్తాయి, జనం కేకలు వేస్తారు, రథం మాత్రం కదలదు. ఉన్నట్టుండి ఒక్క ఊపున ముందుకు వస్తుంది, తాళ్ళు వదులవుతాయి. మళ్ళీ ఆగుతుంది.

ఇలాగే సాగే లోహం ఒకటుంది. అల్యూమినియంలో నూటికి మూడు నుంచి అయిదు పాళ్ళు మెగ్నీషియం కలిపితే అది తయారవుతుంది. సముద్రపు నీటికి బాగా ఓర్చుకుంటుంది కనుక పడవలకు వాడతారు. శుద్ధ అల్యూమినియం రేకును యంత్రానికి బిగించి లాగితే నున్నగా సాగుతుంది. ఈ మిశ్రమలోహపు రేకు అలా కాదు. ఎంత బలానికి ఎంత సాగిందో గ్రాఫు గీస్తే గీత రంపపు పళ్ళలా వస్తుంది! రేకు మీద, లాగే దిశకు సుమారు 55 డిగ్రీల వాలులో, సన్నని పట్టీ కనబడుతుంది. ఆ క్షణాన సాగేది ఆ పట్టీయే. మిగతా రేకు దాదాపు ఊరకే ఉంటుంది.

ఈ వింతను 1923లో ఫ్రాన్సులో పోర్తెవాఁ, లె షాట్లియర్ వివరించారు. (రసాయనశాస్త్రంలో మీరు చదివే లె షాట్లియర్ ఈయన కాదు. ఆయన ఆన్రీ, ఈయన ఫ్రాన్స్వా.)

కారణమేమిటి? లోహంలో పరమాణువులు వరుసలు తీరి ఉంటాయి. ఒక వరుస మొత్తం ఒక్కసారిగా జారదు. పెద్ద జంపఖానాను జరపాలంటే ఏం చేస్తాం? ఒక చివర ముడత లేపి, ఆ ముడతను రెండో చివరికి తోస్తాం. లోహంలోనూ అలాంటి ముడతలున్నాయి. వాటిని డిస్లొకేషన్లు అంటారు. టేలర్, ఒరొవాన్, పొలాన్యీ 1934లో ఎవరికి వారే ఈ సంగతి ఊహించారు.

ముడతకు దారిలో అడ్డు తగిలితే కాసేపు ఆగుతుంది. మెగ్నీషియం పరమాణువు అల్యూమినియం పరమాణువు కన్నా పదో వంతుకు పైగా పెద్దది. వరుసలో దానికి ఇరుకు. ముడత దగ్గర కాస్త చోటు దొరుకుతుంది. అందుకని ఆగిన ముడత చుట్టూ మెగ్నీషియం చేరుతుంది. అదే చక్రం దిగబడటం. బలం పెరిగి పెరిగి ఒక ముడత తప్పించుకోగానే పక్కవీ కదులుతాయి, పట్టీ పుడుతుంది, బలం చటుక్కున పడిపోతుంది. ఈ వివరణ 1953లో కాట్రెల్ ఇచ్చాడు.

ఇంకో తమాషా చూడండి. మామూలుగా లోహాన్ని వేగంగా లాగాలంటే ఎక్కువ బలం కావాలి. ఇక్కడ తక్కువ చాలు! ఆగే వ్యవధి తగ్గితే మెగ్నీషియం చేరే వ్యవధీ తగ్గుతుంది కదా. నెమ్మదిగా లాగితే పట్టీలు ఇక్కడొకటి అక్కడొకటి పుడతాయి. వేగం పెంచితే గెంతుతూ పోతాయి. ఇంకా పెంచితే ఒకే పట్టీ ఈ చివర నుంచి ఆ చివరకు అలలా సాగిపోతుంది. మరీ వేగంగా లాగినా, సున్నాకు దిగువ 196 డిగ్రీల ద్రవ నైట్రొజన్‌లో ముంచి లాగినా పళ్ళు మాయం. ఆ చలిలో మెగ్నీషియం కదలలేదు.

ఈ కుదుపులకు గణితరూపం ఇచ్చినవారిలో మన దేశస్థులూ ఉన్నారు. 1982లో కల్పాక్కం రియాక్టర్ రీసెర్చ్ సెంటర్‌లో జి. అనంతకృష్ణ, ఎం.సి. వల్సకుమార్ సమీకరణాలు రాసి, ముడతల సంఖ్యలో హెచ్చుతగ్గుల నుంచే ఈ కుదుపులు పుడతాయని చూపారు.

కార్లు తయారుచేసేవారికి మాత్రం ఇది తలనొప్పి. రేకును అచ్చులో నొక్కినప్పుడు పడిన చారలు రంగు వేసినా దాగవు. అందుకే ఈ లోహాన్ని కారు లోపలి భాగాలకు ఉంచి, పైకి కనబడే రేకుకు మెగ్నీషియంతోపాటు సిలికాన్ కూడా కలిపిన వేరే రకం వాడతారు.