వార్తల్లో పదం: డైరెక్టరీ సింక్రనైజేషన్

రెండు మెయిల్ సర్వర్లలో ఉన్న ఉద్యోగుల పేర్లు, హోదాలు, చిరునామాల పట్టికలను ఎప్పటికప్పుడు సరిపోల్చి ఒకేలా ఉంచే ఏర్పాటు ఇది. మెయిళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.

ఇది ఎందుకు అవసరమో ఒక ఉదాహరణ: 2022 ఏప్రిల్ 4న టెక్కలి నుంచి విడిపోయి పలాస రెవెన్యూ డివిజన్ ఏర్పడింది. ఈ రెండు డివిజన్ల ఆఫీసులకు వేర్వేరు సర్వర్లు ఉన్నాయనుకుందాం. వాటి మధ్య సింక్రనైజేషన్ లేనప్పుడు మందస తహసీల్దారు బదిలీ అయితే పలాస పట్టికలో పేరు మారుతుంది, టెక్కలిలో పాతదే ఉండిపోతుంది. అక్కడి నుంచి పంపిన తుపాను హెచ్చరిక వెళ్లిపోయిన అధికారికి చేరుతుంది. పలాస, మందసలున్న ఉద్దానం ప్రాంతానికి ఇది చిన్న విషయం కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటింది పలాస దగ్గరే.

సింక్రనైజేషన్ అమర్చే ముందు ఏ సర్వర్ వివరాలు ప్రామాణికమో తేల్చుకోవాలి. ఉద్యోగులను పేరుతో కాక, మారని గుర్తింపు సంఖ్యతో జతచేయాలి. ఇలాంటి పని చేసే సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్ ఎంట్రా కనెక్ట్ మామూలుగా 30 నిమిషాలకోసారి మార్పులను చేరవేస్తుంది. ఒకచోట పొరపాటున తీసేసిన పేరు రెండోచోటా పోతుంది కాబట్టి, తొలగింపులను ముందు పరీక్షించాకే అనుమతించండి.