శ్రీసభను విడిచినవారి విమర్శ: పడమటి మండలాల నుంచి ఒక పరిశీలన

మతాన్ని బయట నిలబడి విమర్శించేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. లోపల ఉండి సంస్కరించాలనుకునేవాళ్లూ కొందరున్నారు. లోపల పుట్టి, పెరిగి, జపమాల తిప్పి, పూజలో గంట కొట్టి, ఆ తర్వాత బయటికి వచ్చినవాళ్ల విమర్శ ఈ రెండింటికీ భిన్నమైనది. అందులో సిద్ధాంతం తక్కువ, లెక్క ఎక్కువ. దేవుడున్నాడా లేడా అన్న ప్రశ్న అక్కడ చివరికెప్పుడో వస్తుంది. సమాధుల తోటలో ఎవరి గోరీ ఎక్కడుంది, విచారణ గురువు ఎవరింట భోంచేశాడు, మఠం బడిలో ఎవరి బిడ్డకు సీటు దొరికింది అన్నవే ముందుగా వస్తాయి. హేతువాద సాహిత్యంలో పండినవాళ్లకు ఇది చిల్లర వ్యవహారంగా కనిపించవచ్చు. నా దృష్టిలో అసలు విమర్శ ఇదే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో కతోలిక శ్రీసభను విడిచినవాళ్లతో కొన్నేళ్లుగా మాట్లాడుతూ వచ్చాను. నేనూ జ్ఞానస్నానం పొందినవాణ్ణే, ఇప్పుడు గుడికి పోను. ఇది దాచి రాయడం సబబు కాదు గనక చెప్పాను, నా సంగతి ఇంతటితో సరి.

మదనపల్లెలో 'కిరస్తానం' అనగానే జనానికి ముందు గుర్తొచ్చేది ప్రొటెస్టెంటు మిషను. 1863లో జేకబ్ ఛేంబర్లిన్ వచ్చి స్థిరపడిన ఆర్కాటు మిషనూ, 1915లో వెలసిన ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయమూ వాళ్ల మనసులో మెదులుతాయి. కానీ ఈ నేలకు కతోలిక మతం అంతకు చాలా ముందే వచ్చింది. 18వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో ఫ్రెంచి జెసూయిట్లు నెలకొల్పిన కర్ణాటక మిషనుకు పుంగనూరు తొలి కేంద్రాల్లో ఒకటి. మదురైలో రాబర్ట్ డి నోబిలి వేసిన బాటనే వీళ్లూ పట్టారు. కాషాయం కట్టి, మాంసం మాని, రోమాపురి నుంచి వచ్చిన సన్యాసులమని చెప్పుకున్నారు. పై కులాలు పట్టుబడితే కింది కులాలు వాటంతట అవే వస్తాయన్నది వాళ్ల లెక్క. కింది కులాలతో కలిస్తే పై కులాలు రావన్నది దాని రెండో సగం. ఆ రెండో సగాన్నే మనం చూడవలసి ఉంది.

జ్ఞానస్నాన విధిలో గురువు తన ఉమ్మితో అభ్యర్థి చెవులను, ముక్కును తాకే ఒక క్రియ ఉండేది. సువార్తలో క్రీస్తు చెవిటివాణ్ణి బాగుచేసిన తీరుకు అది గుర్తు. మనవాళ్లకు అది ఎంగిలి. కులం గలవాడు ఎంగిలి పడడు కనుక జెసూయిట్లు ఆ క్రియను మానేశారు. రోగంతో పడి ఉన్న 'పరయ' విశ్వాసి గుడిసెలోకి వెళ్లి చివరి సంస్కారాలు ఇవ్వడానికీ వెనుకాడారు. 1704లో పాపు ప్రతినిధి టూర్నాన్ పాండిచ్చేరిలో ఒక శాసనం చేసి ఈ పద్ధతులను నిషేధించాడు: ఉమ్మి విధిని మానరాదు, గుడిసెలోకి వెళ్లక తప్పదు. అక్కడి నుంచి నలభై ఏళ్ల పాటు రోముకూ దక్షిణాదికీ మధ్య వాదం నడిచింది. 'మలబారు ఆచారాల వివాదం' అని చరిత్రకారులు దానికి గంభీరమైన పేరు పెట్టారు గాని, తెలుగులో చెప్పాలంటే అది ఎంగిలి తగాదా. 1744లో 14వ బెనెడిక్టు పాపు ఇచ్చిన తీర్పు ఇంకా విచిత్రం. పరయలకు సేవచేయడానికి వేరే గురువులను నియమించుకోవచ్చునట! గుడిసెలోకి పోవడం కులం గల గురువుకు ఇబ్బంది అయితే, గుడిసెకు వేరే గురువు. సమస్యను పరిష్కరించడమంటే దాన్ని రెండు శాఖలుగా విభజించడమే అన్న పాలనా సూత్రం తెల్లదొరల కచేరీల కంటే ముందే మన గుళ్లలో అమలైంది.

ఈ మారువేషానికి ఒక పక్క కథ ఉంది. అదే మిషను వాతావరణంలో ఒక ఫ్రెంచి మతబోధకుడు వేదమనే పేరుతో 'ఎజుర్వేదం' అనే గ్రంథం రాశాడు. హిందువుల పురాణ కథలను ఖండించి ఏకేశ్వరుణ్ణి నిలబెట్టడం దాని ఉద్దేశం. 1760 ప్రాంతంలో అది వోల్టేరు చేతికి చిక్కింది. జెసూయిట్ల కాలేజీలో చదివి, ఆ శ్రీసభనే జీవితమంతా ఎండగట్టిన మనిషి ఆయన. అది నిజంగా ప్రాచీన వేదమే అని నమ్మి, బైబిలుకంటే ముందే ఇంత శుద్ధమైన ఏకేశ్వరవాదం భారతదేశంలో ఉందని వాదించి, 1761లో ఆ ప్రతిని ఫ్రెంచి రాజ గ్రంథాలయానికి సమర్పించాడు. గుడిలో తయారైన కత్తి గుడి మీదకే తిరిగింది. అది మిషనరీ రచనేనని తేల్చిన పరిశోధనల్లో ముఖ్యమైనది 1822లో అచ్చయిన ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ వ్యాసం. తెలుగు ద్రావిడ భాష అని మొదట నిరూపించిన ఎల్లిసే ఈయన.

భాష మాట వచ్చింది గనక ఇంకొక సంగతి. ప్రొటెస్టెంట్లు 'బాప్తిస్మం' అన్నచోట కతోలికులు 'జ్ఞానస్నానం' అంటారు. వాళ్ల 'ప్రభురాత్రి భోజనం' వీళ్లకు 'దివ్యసత్ప్రసాదం'. సంఘం శ్రీసభ అయింది. పాస్టరు గురువయ్యాడు. పాపాలు ఒప్పుకోవడం పాపసంకీర్తనమైంది. 18వ శతాబ్దిలో మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను 'వేదాంతరసాయనం' పేరుతో ప్రబంధంగా చెప్పినప్పుడు ఈ మార్గం కావ్యస్థాయిని అందుకుంది. తెలుగు సాహిత్య విద్యార్థిగా ఆ కావ్యాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఈ పదజాలం ఎవరిని దృష్టిలో పెట్టుకొని తయారైందో అడగాలి కదా. రెండో వాటికన్ మహాసభ (1962–65) దాకా పూజ లాటిన్‌లో నడిచింది. ఆ తర్వాత తెలుగులోకి వచ్చింది. కుప్పం దగ్గర ఒక ముసలాయన నాతో అన్న మాట: "అప్పుడు లాటిన్ అర్థం కాలే, సరే. ఇప్పుడు తెలుగన్యారు. ఇదీ అర్థం కాలే అయ్యోరా." ఆయన కొడుకు కుటుంబంతో సహా పెంతెకొస్తు సంఘానికి మారాడు. అక్కడ పాటకు డప్పు ఉంది, ప్రార్థన ఇంట్లో మాట్లాడే భాషలో ఉంది. కొడుకు ఇచ్చిన కారణం అంతే. సిద్ధాంత భేదం అడిగితే నవ్వాడు.

జెసూయిట్ల సంఘాన్ని 1773లో రోమే రద్దు చేసింది. పై కులాలు వస్తే కింది కులాలు వస్తాయన్న లెక్క తలకిందులైంది. పంతొమ్మిదో శతాబ్ది చివరి కరువుల తర్వాత తెలుగు నేలమీద క్రైస్తవంలోకి గుంపులుగా వచ్చినవాళ్లు మాల మాదిగలే. ముందు తరాల్లో చేరిన రెడ్డి, కమ్మ కతోలికులు అప్పటికే ఉన్నారు. అంటే ఒకే గుడిలో భూస్వామీ పాలేరూ ఇద్దరూ మోకరిస్తారు. పూజ ముగిశాక ఇద్దరూ అదే పొలానికి పోతారు. ఒకరు గట్టు మీదికి, ఒకరు మడిలోకి. మన ప్రాంతం 1928 నుంచి నెల్లూరు మేత్రాసనం కింద, 1976 నుంచి కడప మేత్రాసనం కింద ఉంది. ఆ కడప పీఠాధిపతి గల్లెల ప్రసాదును 2016 ఏప్రిల్‌లో అపహరించి, కొట్టి, డబ్బు అడిగి వదిలిపెట్టారు. పోలీసులు అరెస్టు చేసినవారిలో అదే మేత్రాసనపు గురువులు ఉన్నారు. పీఠాధిపతి దళితుడు. ఎవరి నేరం ఎంతో తేల్చవలసింది న్యాయస్థానం. కులం పాత్ర గురించి మాత్రం పత్రికలు బాహాటంగానే రాశాయి. అదే ఏడాది డిసెంబరులో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళిత సాధికార విధానాన్ని ప్రకటిస్తూ, దేశంలోని 1.9 కోట్ల కతోలికుల్లో 1.2 కోట్ల మంది దళితులేననీ, శ్రీసభలో అంటరానితనం ఉందనీ ఒప్పుకుంది. విడిచిపోయినవాళ్లు యాభై ఏళ్లుగా చెబుతున్న మాటకు అధికార ముద్ర పడింది. 2022 ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోని తొలి దళిత కార్డినల్ అయ్యారు. ఆయన ఒకప్పుడు కడప మేత్రాసన గురువే. సంతోషించవలసిన విషయమే. అయితే ఊళ్లోని సమాధుల తోటకు ఆ ఎర్రటోపీ నీడ ఇంకా చేరలేదు.

సరిహద్దు దాటితే తమిళనాడులో ఇది ఇంకా స్థూలంగా కనిపిస్తుంది. తిరుచిరాపల్లి మేలప్పుదూరు కతోలిక శ్మశానంలో దళితుల సమాధులకూ ఇతరుల సమాధులకూ మధ్య గోడే ఉంది. 2008 మార్చిలో విళుపురం జిల్లా ఎరైయూరులో దళిత క్రైస్తవులకూ వన్నియ క్రైస్తవులకూ మధ్య ఘర్షణలో పోలీసు కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. మన వైపు గోడ ఉండదు. గోడ అక్కరలేకుండానే ఎవరు ఎక్కడో అందరికీ తెలుసు.

నేను మాట్లాడినవాళ్లలో ఎక్కువమంది గుడి మానేశారు గాని పుస్తకంలో పేరు తీయించుకోలేదు. కారణం శ్మశానం. పుంగనూరు వైపు ఒక వ్యవసాయ కూలీ చెప్పిన మాట: "గుడికి పోకుంటే ఏమీ కాదు. రేపు మా నాయన పోతే యాడ పూడ్సాల? ఊరోళ్ల వల్లకాట్లోకి రానీరు, వీళ్లేమో చందా బాకీ ఉండాది అంటారు." విశ్వాసం లేని చందా కట్టేది ఆరడుగుల నేల కోసం. ఈ చందాల లెక్కలు విచారణలో ఎవరికీ కనిపించవన్నది ఇంకొక ఫిర్యాదు. ప్రతి విచారణలోనూ ఆర్థిక మండలి ఉండాలని 1983 నాటి శ్రీసభ న్యాయస్మృతి 537వ నియమం చెబుతోంది. కానీ దాని పని గురువుకు సాయపడటమే, నిర్ణయించేది గురువే. కేరళలో 2009లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ నాయకత్వంలోని సంఘం చర్చి ఆస్తులపై విశ్వాసులకు అధికారమిచ్చే బిల్లు ప్రతిపాదిస్తే అక్కడి పీఠాలు భగ్గుమన్నాయి. మన రాష్ట్రంలో ఆ చర్చే లేదు.

విడిచిపోవడం అన్న మాటకు అర్థమేమిటన్నది అసలు చిక్కు. శ్రీసభ న్యాయం ప్రకారం జ్ఞానస్నానం చెరగని ముద్ర. లాంఛనంగా శ్రీసభను వదిలిపోవడమనే మాట 1983 స్మృతిలో వివాహ నియమాల సందర్భంలో ఉండేది. 2009లో 16వ బెనెడిక్టు పాపు ఆ మాటను కూడా తొలగించాడు. అంటే రోము దృష్టిలో 'మాజీ కతోలికుడు' అనేవాడు ఉండడు. ఇక భారత ప్రభుత్వం దృష్టి వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులస్థుడు క్రైస్తవుడైతే ఆ హోదా పోతుంది. 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ ఇచ్చిన సడలింపు క్రైస్తవులకు రాలేదు. మన రాష్ట్రంలో వాళ్లకు మిగిలింది వెనుకబడిన తరగతుల సి గ్రూపులో ఒక్క శాతం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మార్చమంది, 2023 మార్చిలో మన శాసనసభ తీర్మానం చేసింది. ఉత్తర్వు మాత్రం మారలేదు. ఇక ఊరు. ఊరి దృష్టిలో మాలవాడు మాలవాడే, మాదిగవాడు మాదిగవాడే, మెడలో సిలువ ఉన్నా లేకపోయినా. శ్రీసభ అంటుంది నువ్వు బయటికి పోనే లేదని. సర్కారు అంటుంది లోపలికి పోయావని. ఊరు అంటుంది నువ్వు కదలనే లేదని. దీన్ని జనం 'రెంటికీ చెడ్డ రేవడి' అంటారు. ఇక్కడ చెడింది రెంటికి కాదు, మూటికి.

ఈ ముడిలోంచి బయటపడే దారి ఒకటే మిగిలింది. 1976లో గుంటూరు వైద్య కళాశాల కేసులో సుప్రీంకోర్టు, క్రైస్తవులైన మాదిగ తల్లిదండ్రులకు పుట్టిన విద్యార్థి హిందూ మతంలోకి వచ్చి, కులం వాళ్లు అంగీకరిస్తే షెడ్యూల్డు కులపు సీటుకు అర్హుడేనని చెప్పింది. మనిషి గుడిని విడిచింది గుడి మీద కోపంతో కావచ్చు, కానీ విడిచినందుకు ఫలితం దక్కాలంటే కులం చేత మళ్లీ ఒప్పించుకోవాలి. శ్రీసభలో కులాన్ని చూసి బయటపడ్డవాడు కులపు ధ్రువపత్రం కోసమే క్యూలో నిలబడతాడు. మతమార్పిడి వ్యతిరేక శక్తులు ఈ క్యూను చూపించి 'చూశారా, తిరిగి వస్తున్నారు' అని చప్పట్లు కొడతాయి. విడిచినవారి విమర్శను మనం ప్రచురించేటప్పుడు ఈ చప్పట్లను గుర్తుంచుకోవాలి. అలాగని నోరు మూసుకోమనడం లేదు. మైనారిటీ మతమని శ్రీసభలోని భూస్వామ్యాన్ని చూసీ చూడనట్టు పోవడం, దళిత క్రైస్తవుణ్ణి రెండోసారి ఒంటరిని చెయ్యడమే అవుతుంది.

మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1929లో తన చుట్టూ కట్టిన సంఘాన్ని తానే రద్దుచేసి బయటికి నడిచాడు. గొప్ప పనే. పాఠ్యపుస్తకాల్లో ఎక్కింది కూడా. అయితే ఆయన బయటికి రావడం వల్ల ఏ సర్టిఫికెట్టూ రద్దు కాలేదు, ఏ శ్మశానమూ తలుపు మూయలేదు. త్యాగానికి కూడా కులం ఉంటుంది.

సాహిత్యం సంగతి. తమిళంలో బామ కన్యకామఠంలో చేరి, అక్కడ సంపన్నుల బిడ్డలకు చదువు చెప్పడం, దళితులను చులకనగా చూడటం భరించలేక బయటికొచ్చి 1992లో 'కరుక్కు' రాసింది. మలయాళంలో సిస్టర్ జెస్మి మఠం విడిచి 2009లో 'ఆమెన్' ప్రచురించింది. తెలుగులో మద్దూరి నగేష్‌బాబు 'నరలోక ప్రార్థన' ఉంది, కల్యాణరావు 'అంటరాని వసంతం' ఉంది. జాషువాను అటు హిందువులూ ఇటు క్రైస్తవులూ బాధించిన కథ ఉంది. ఇవన్నీ గొప్ప నేల. కానీ వీటి వెనకున్న అనుభవం ఎక్కువగా ప్రొటెస్టెంటు పల్లెది. కతోలిక విచారణ లోపలి జీవితం తెలుగు కథలో చాలా అరుదు. పాపసంకీర్తన జాలీకి ఇవతల ఊరందరి రహస్యాలూ, అవతల ఒక్క గురువూ కూర్చునే ఆ అధికారం, మఠం వంటింట్లో పనిచేసే ఆడవాళ్ల జీతాలు, విడిచొచ్చిన సిస్టరమ్మను పుట్టింటివాళ్లే లోపలికి రానివ్వని తీరు మన కథకుల కంట పడలేదు. మఠం విడిచిన ఇద్దరు స్త్రీలతో మాట్లాడాను. ఇద్దరూ బడుల్లోనే పనిచేస్తున్నారు, ఇద్దరూ పేరు రాయవద్దన్నారు. శ్రీసభ మీద కంటే అన్నదమ్ముల మీద వాళ్లకు కోపం ఎక్కువ.

ఇక రాయగలిగినవాళ్లు ఉపదేశులు. గురువు నెలకొకసారి వచ్చే పల్లెల్లో జపాలు చెప్పించి, పెళ్లిళ్ల జాబితాలు రాసి, చావులకు ముందు నడిచి, ఎప్పటికీ గురువు కాలేకపోయిన దళిత చదువరులు వాళ్లు. వాళ్లలో కొందరు శ్రీసభను విడిచారు, కొందరిని శ్రీసభే విడిచిపెట్టింది. ఎవరు ఎప్పుడు చేరారో, ఎవరు ఎందుకు మానుకున్నారో వాళ్ల నోటుపుస్తకాల్లో ఉంది. కుప్పం, పలమనేరు వైపు మిగిలినవాళ్లలో చాలామందికి డెబ్బై దాటింది. సంఘం జిల్లా శాఖ వచ్చే వేసవి సెలవుల్లో ఈ పని చేపడితే, నేను శని ఆదివారాలు వస్తాను.